ఆఖరి బంతి వాళ్లకు ఏమీ కాలేదు

కోనసీమలో మాది కాలవ గట్టు మీది పీహెచ్‌సీ. గుడి దగ్గర అన్నసంతర్పణ జరిగిన సాయంత్రానికి వరండా నిండిపోయింది. అందరికీ ఒకటే వాంతులు, కడుపునొప్పి. జ్వరం మాత్రం దాదాపు ఎవరికీ లేదు.

"ఆయ్, పులుసులో బల్లి పడిందంటండి" అని అప్పటికే ఊరంతా తేల్చేసింది.

డాక్టరుగారు సెలైన్లు చూస్తుంటే నేను ఓఆర్ఎస్ కలిపిస్తూనే నోటుపుస్తకం తీశాను. ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదలైంది, ఏమేం తిన్నారు? తిన్న రెండు మూడు గంటలకే వాంతులు పట్టుకున్నాయి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అయితే కనీసం ఆరు గంటలైనా పడుతుంది. ఇంత తొందరగా వచ్చిందంటే విషం వడ్డించేటప్పటికే తిండిలో తయారై ఉండాలి.

మర్నాడు ఇంటింటికీ తిరిగాను. బాగున్నవాళ్లను అడగడమే కష్టం. "మాకేం కాలేదు కదమ్మా, మా పేర్లెందుకు?" అని విసుక్కున్నారు. కానీ వాళ్లు చెప్పకపోతే ఏ వంటకమో ఎప్పటికీ తేలదు. పులుసు జబ్బుపడ్డవాళ్లూ తిన్నారు, పడనివాళ్లూ తిన్నారు. ఆఖరి బంతికి దద్దోజనం అయిపోయిందట. ఆ బంతిలో ఒక్కరికీ ఏమీ కాలేదు! సంతర్పణకే రాకుండా, ఆకులో కట్టి తెచ్చిన దద్దోజనం ఇంట్లో తిన్న పిల్లలకు మాత్రం వాంతులయ్యాయి.

గుండిగ అడుగున అంటుకుని మిగిలిన దద్దోజనాన్ని శుభ్రమైన సీసాలోకి తీసి, వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్‌ప్యాక్‌ల మధ్య పెట్టి కాకినాడ ల్యాబ్‌కు పంపించాం. గ్రాముకు లక్షకు మించి బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉన్నట్టు రిపోర్టు వచ్చింది.

వంటాయన భయపడిపోయాడు, ఊరు తనను కొడుతుందేమోనని. నింద వేయడానికి రాలేదని నమ్మించాకే చెప్పాడు. దద్దోజనానికి ముందురోజు రాత్రే అన్నం వండి, చాప మీద కుప్పపోసి, గుడ్డ కప్పాడట. కుప్ప లోపల తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది. ఉడికినా చావని ఆ బ్యాక్టీరియా బీజాలు అక్కడ మొలిచి విషం చేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా పోదు. మళ్లీ వేడిచేసి లాభం లేదు.

"రాత్రి వండకపోతే పూజవేళకి ప్రసాదం అందదమ్మా" అన్నాడు. నిజమే. ఒక్క పొయ్యి, ఇద్దరే మనుషులు. కమిటీ వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాను. ఇంకో పొయ్యి, ఇంకో ఇద్దరు మనుషులు ఇస్తామన్నారు. తెల్లవారుజామున వండి, వెడల్పు పళ్లాల్లో పల్చగా ఆరబోసి, కలిపిన వెంటనే పంచేయాలని ఒప్పుకున్నారు.