నల్లరేగడి పెరట్లో నీళ్లు నిలిస్తే

వాన వెలిసి రెండు రోజులైనా పెరట్లో కాలు దిగబడుతుంటే చాలామంది ముందు చేసే పని, నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించడం. మట్టి బేస్‌మెంట్ దాటిందంటే గోడలకు చెమ్మ ఎక్కుతుంది. గోడ వారన మట్టి బేస్‌మెంట్ పైఅంచు కన్నా ఆరంగుళాలు కిందే ఉండాలి.

ముందు డాబా నీళ్ల సంగతి చూడండి. వెయ్యి చదరపు అడుగుల శ్లాబు మీద 50 మి.మీ. వాన పడితే దాదాపు 4,600 లీటర్లు. అదంతా రెండు గొట్టాల్లోంచి గోడ పక్కనే పడుతుంటే పెరడు ఆరేదెప్పుడు? ఆ గొట్టాలకు 110 మి.మీ. పీవీసీ పైపు తగిలించి వీధి వానకాలువ దాకా తీసుకెళ్తే చాలా ఇళ్లలో గొడవ అక్కడితో తీరిపోతుంది. మురుగు మ్యాన్‌హోల్లో మాత్రం కలపకండి, జోరువానకు ఎదురు తన్నుతుంది.

అప్పటికీ నిలిస్తే అడుగు లోతు గుంత తవ్వి, నీళ్లు నింపి, ఇంకాక మళ్లీ నింపండి. గంటకు అంగుళం దిగితే ఇంకుడు గుంత పనిచేస్తుంది. మర్నాటికీ అలాగే ఉంటే ఇంకుడు గుంత డబ్బు దండగ. ఈ పరీక్ష ఎండాకాలంలో చేయకూడదు. నెర్రెలిచ్చిన రేగడి నీళ్లు గటగటా తాగేస్తుంది. నాలుగు వానలకు ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక చుక్క దిగనివ్వదు. ఇసుక నాలుగు బస్తాలు చల్లినా ఒరిగేదేమీ లేదు.

అలాంటి నేలలో కాలువ తవ్వి, బెజ్జాల పైపు, కంకర వేసి నీళ్లను బయటికి నడిపించాల్సిందే. ఎక్కడ వదలాలో ముందు తేల్చుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేయండి. కాలువకు పదడుగులకు అంగుళంపావు వాలు, అంటే 40 అడుగులకు ఐదంగుళాలు. కంటి అంచనా వద్దు, మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం, అదే లెవల్ ట్యూబు, పట్టించండి. ట్యూబులో గాలి బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది.

కాలువ పునాదికి ఐదారడుగుల దూరంలో, అడుగు వెడల్పున, ఎగువ చివర అడుగున్నర లోతు తవ్వాలి. అడుగున, పక్కలకు నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి. దాని బదులు పాత నూలు చీర వేస్తే త్వరగా కుళ్లిపోతుంది. పైన రెండంగుళాలు 20 మి.మీ. కంకర, ఆపైన నాలుగంగుళాల పైపు. పైపుకు రెండు వరసల్లో ఆరంగుళాలకొకటి 8 మి.మీ. బెజ్జాలు వేసి, అవి కిందికి ఉండేలా పెట్టండి. ఊట కింది నుంచి పైకి వస్తుంది కాబట్టి బెజ్జాలు పైకుంటే కాలువ నిండేదాకా పైపులోకి నీరే చేరదు. పైపు మీద కంకర నింపి, గుడ్డ మడిచి, నాలుగంగుళాలు ఇసుకపాలు మట్టి వేయండి. 40 అడుగులకు కంకర దాదాపు 50 ఘనపుటడుగులు పడుతుంది. డస్ట్ ఉంటే కడిగించాకే వేయండి, లేకపోతే ఆ బురదే గుడ్డను లోపలి నుంచి పూడ్చేస్తుంది.

ఎగువ చివర బెండు వేసి పైపును నేల పైకి లేపి మూత పెట్టండి, తొలకరికి ముందు ఏటా అందులోంచి నీళ్లు కొట్టి కడగొచ్చు. దిగువ చివర ఎలుకలు దూరకుండా జాలీ బిగించాలి.