పత్తి అమ్మకముందే వచ్చే కిస్తీ

మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. చెల్క భూమి, వాన పడితేనే పత్తి. 2009 జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు మా అమ్మ తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ దగ్గర పది వేలు తీసుకుంది. వారానికి 225 చొప్పున 50 వారాలు, మొత్తం 11,250. షావుకారు నూటికి మూడు రూపాయల మిత్తి తీసుకుంటుంటే ఇది రూపాయి చిల్లరే కదా అని డిగ్రీ చదువుతున్న నేనే లెక్క వేసి చెప్పాను. ఆ లెక్క తప్పు. వారం వారం అసలు కూడా తీరుతూ పోతుంది కాబట్టి ఏడాది మొత్తం మీద మన చేతిలో ఉండేది సగటున ఐదు వేలే, దాని మీద 1,250 అంటే నూటికి రెండు రూపాయలు పడినట్టు.

అయినా మమ్మల్ని ముంచింది మిత్తి కాదు, వారం. పత్తి డబ్బు కంటికి కనబడేది దసరా దాటాకే, కిస్తీ మాత్రం అప్పు తీసుకున్న మరుసటి వారమే మొదలైంది. మధ్యలో కూలి దొరికితే కూలి డబ్బు, దొరకని వారం చేబదులు, అదీ పుట్టకపోతే ఇంకో కంపెనీ అప్పు తెచ్చి ఈ కంపెనీకి కట్టడం. ఊళ్లో బర్రెలు ఉన్నవాళ్లకు పదిహేను రోజులకోసారి పాల బిల్లు వచ్చేది, వాళ్లకు పెద్ద ఇబ్బంది రాలేదు.

కంపెనీ అప్పు గ్రూపుగా ఇచ్చేది, అమ్మ గ్రూపులో ఐదుగురు. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురు కట్టాలి. మీటింగ్ మా అరుగు మీద, పొద్దున ఏడింటికి. ఒక రోజు పక్కింటి అత్త దగ్గర డబ్బు లేదు. "పత్తి ఏరినంక ఒక్కసారే కడతా సారూ" అని బతిమాలింది. వసూలుకు వచ్చిన కంపెనీ మనిషి డబ్బు మొత్తం చేతికొచ్చేదాకా లేవనని కూర్చున్నాడు. అట్లా నాలుగు వారాలు అయ్యాక అమ్మ కమ్మలు గిర్వి పెట్టి అత్త కిస్తీలు కట్టింది. తర్వాత రెండేళ్లు వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు. చిన్నప్పటి నుంచి మా రెండిళ్లకు మధ్య గోడ కూడా లేదు, అందుకే ఇది నాకు ఇప్పటికీ బాధే.

బంగ్లాదేశ్‌లో అర్థశాస్త్రం ప్రొఫెసర్ మహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా అనే ఊళ్లో 42 మందికి మొత్తం 27 డాలర్లు అప్పిచ్చి ఈ చిన్న అప్పుల దారి మొదలుపెట్టారు. వాళ్లలో వెదురు పీటలు అల్లేవాళ్లు ఉన్నారు. ఈ రోజు అల్లింది ఈ రోజే అమ్ముడుపోయే మనిషికి వారం కిస్తీ సరిపోతుంది. ఏడాదికోసారి డబ్బు చూసే పత్తి ఇంటికి అదే కొలత పెడితే ఎట్లా?

2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఇంటి మీదికి వచ్చి వసూలు చేయొద్దు, పంచాయతీ ఆఫీసు లాంటి చోటే తీసుకోవాలి, మిత్తి అసలును మించొద్దు అన్నారు. మా అరుగు మీద టెన్షన్ పోయింది. కానీ కొత్త అప్పు కూడా పోయింది, తమ్ముడి ఫీజుకు మళ్లీ షావుకారు దగ్గరికే వెళ్లాం, మళ్లీ మూడు రూపాయలే. అందుకే ఆ కంపెనీలను మూసేస్తే చాలు అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. పంట చేతికొచ్చాక కట్టే పంట రుణం బ్యాంకులో ఉంది, నిజమే, కానీ దానికి పాసుపుస్తకం అడుగుతారు, మా ఊళ్లో ఎంతమంది ఆడవాళ్ల పేరు మీద భూమి ఉంది?

2022లో రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు పెట్టింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి అన్ని అప్పుల కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. మంచిదే. కానీ ఆగస్టులో మా ఇంటి నెల ఆదాయం ఎంతని రాస్తారు? ఏడాది ఆదాయాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చే అంకె కాగితం మీద ఉంటుంది, ఆగస్టులో డబ్బాలో ఉండదు. అప్పిచ్చేవాళ్లు మిత్తి ఎంతో చెప్పినట్టే, మీకు డబ్బు ఏ నెలలో వస్తుందమ్మా అని ముందు అడగాలి, దాన్ని బట్టే కిస్తీ తేదీ రాయాలి.

మొన్న వానాకాలం అత్తకు ఎరువులకు ఇరవై వేలు కావాల్సి వచ్చింది. ఇప్పుడు అమ్మ, అత్త ఒకే మహిళా సంఘంలో ఉన్నారు. సంఘం సొంత పొదుపులోంచే ఇచ్చారు, పత్తి అమ్మేదాకా నెల నెలా మిత్తి ఒక్కటే, అసలు అమ్మాక ఒక్కసారే అని అందరూ ఒప్పుకొని పుస్తకంలో రాసుకున్నారు. డిసెంబరులో పత్తి తూకం వేసిన మూడో రోజు అత్త వచ్చి "వదినా, లెక్కపెట్టుకో" అని ఆ డబ్బు అమ్మ ఒళ్లో పెట్టింది, మా అరుగు మీదే.