పొట్టలో ఉన్న దూడకి లెక్కెవరు కడతారు

మేముండేది టెక్సస్‌లో, 2024 ఫిబ్రవరి 26న రాష్ట్రం ఉత్తరపు కొసన ఉండే పాన్‌హ్యాండిల్‌లో స్మోక్‌హౌస్ క్రీక్ అనే కార్చిచ్చు అంటుకున్నప్పుడు కొన్నాళ్ళు ఎక్కడ చూసినా అదే మాట, పది లక్షల ఎకరాలకి పైగా తగలబడింది, ఏడు వేలకి పైగా పశువులు పోయాయి, ఆ తర్వాత అందరూ మర్చిపోయారు. నేను పాడి ఉన్న ఇంట్లో పుట్టినోణ్ణి కదా, ఆ రైతులకి గవర్నమెంటు డబ్బులు ఎలా ఇచ్చిందా అన్నదే నా ధ్యాస.

ఆ మంటలు పడ్డ చోట హెంప్‌హిల్ అని ఒక కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఉంది, మొత్తం కలిపి మూడు వేల పైచిలుకు జనం, ఆవులూ, ఆయిలూ గ్యాసూ, అంతే. అలాంటి చోట పశువు పోతే లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రాం అనే స్కీము కింద సగటు మార్కెట్ రేటులో 75 శాతం ఇస్తారు. వినడానికి బానే ఉంది. కానీ ముందు మంద ఎంతుండేదో, ఎన్ని పోయాయో కాయితాలతో చూపించాలి, ఫొటోలో, కొన్న బిల్లులో, డాక్టర్ సర్టిఫికెట్టో ఏదో ఒకటి, పైగా మామూలుగా ఏటా ఎలాగూ ఇన్ని చస్తాయి అని కొంత శాతం తీసేసి మిగతావాటికే కడతారు. మంటల్లో అక్కడికక్కడే పోయినవి ఒక ఎత్తు, పొదుగు కాలిపోయి, గిట్టలు ఊడొచ్చేసి ఇంకా నిలబడే ఉన్న ఆవులు ఇంకో ఎత్తు, దూడ పాలకొస్తే నొప్పికి తన్నేస్తది, చివరికి పెంచుకున్నోళ్ళే తుపాకీతో కాల్చేసుకోవాల్సొచ్చింది.

ఇంకోటి, ఫిబ్రవరి ఆఖరంటే అక్కడ ఈతల టైము. పోయినవాటిల్లో చూడివి బోలెడు. రైతుకి పోయింది రెండు ప్రాణాలు, ఆఫీసు లెక్కలో ఒకటే. దీన్ని 2025 జులైలో అమెరికా గవర్నమెంటు తెచ్చిన పెద్ద చట్టంలో మార్చారు, పుట్టని దూడలకి కూడా అదనంగా ఇవ్వాలని, అదీ 2024 జనవరి 1 నుంచి పోయినవాటికి వర్తించేలా, అంటే ఈ మంటల్లో పోయినవి కూడా వస్తాయన్నమాట. ఏడాదిన్నర లేటు, అయినా నాకు నచ్చింది.

మన దగ్గర వరదలూ తుఫాన్లూ వస్తే సాయం ఇచ్చే రాష్ట్ర విపత్తు నిధి, అదే ఎస్‌డీఆర్‌ఎఫ్, దాని 2022-26 రూల్స్‌లో గేదైనా ఆవైనా పాడి పశువుకి 37,500 రూపాయలు, అదీ ఇంటికి మూడింటికే, పది కొట్టుకుపోయినా మూడే. ఒక్కోసారి రాష్ట్రం పైన కొంత కలుపుతుంది, అది వేరే సంగతి. ఇక్కడి స్కీములో ఇన్ని పశువులకే అన్న సీలింగ్ లేదు. సంతలో చూడి గేదె దగ్గర బేరగాళ్ళు ఎగబడతారు, పాలు తగ్గిన ముసలిదాన్ని పలకరించేవాడుండడు, వరదలో పోతే మాత్రం రెండిటికీ అదే రేటు. ఇదేం లెక్కో నాకు అర్థం కాదు.

ఇదంతా చదివి ఊరికి ఫోన్ చేసి, నాన్నా గేదెల చెవి ట్యాగులు కనపడేలా ఫొటోలు తీసి పంపు, చూడి కట్టిందని డాక్టర్ రాసిచ్చే చీటీ పారెయ్యకు అన్నా. "ఫొటోలు తర్వాత తీద్దాంలే గానీ ముందు ఇన్సూరెన్స్‌కి డబ్బులు పంపరా" అన్నాడు.