ఖోడద్ పొలాల్లో, ఏళ్ల పొడుగు అలల కోసం

పుణె నుంచి నాసిక్ వెళ్లే హైవే మీద చాకణ్ దాటడమే ఒక గండం. ఫ్యాక్టరీల లారీలన్నీ అక్కడే తగులుతాయి. మంచర్ వచ్చాక గానీ బస్సు ఊపందుకోలేదు. నారాయణ్‌గావ్‌లో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. టమాటా మార్కెట్‌కీ, తమాషా అనే మరాఠీ జానపద ఆటపాటల బృందాలకీ పేరున్న ఊరు ఇది. గుడి పాడ్వా, అంటే మన ఉగాది, దగ్గర పడుతుంటే తమాషా వాళ్లు ఇక్కడ టెంట్లు వేసుకుని కూర్చుంటారు. చుట్టుపక్కల పల్లెల పెద్దలు వచ్చి, తమ ఊరి జాతరకు ఆట మాట్లాడుకుని అడ్వాన్స్ ఇచ్చి పోతారు. నాతో వచ్చిన మిత్రుడికి మనసు అటే లాగింది గానీ, మేం వచ్చిన పని వేరు.

అక్కడి నుంచి ఖోడద్ ఓ పది కిలోమీటర్లు. దారికి రెండు పక్కలా చెరకు, ద్రాక్ష, ఉల్లి. ఈ జున్నర్ తాలూకా చెరకు తోటల్లో చిరుతలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా కంటాయి. జీపు డ్రైవర్ ఆ కథలు చెబుతుండగానే చెట్ల పైనుంచి మొదటి డిష్ కనబడింది. ఆ తర్వాత చిరుతల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇది జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్, జీఎంఆర్‌టీ. ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవానికి మామూలు జనాన్ని కూడా లోపలికి రానిస్తారు. మొత్తం 30 డిష్‌లు, ఒక్కొక్కటీ 45 మీటర్ల వెడల్పు. 14 ఇక్కడే దగ్గర దగ్గరగా ఉంటే, మిగతా 16 ఇంగ్లిష్ వై అక్షరంలా మూడు దిక్కులకు పొలాల మధ్య పరుచుకుని ఉన్నాయి. గేటు దగ్గరే ఫోన్ ఆఫ్ చేయించారు. సైలెంట్‌లో పెడితే కుదరదు, పూర్తిగా ఆపాల్సిందే. అందుకే నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు.

కింద నిలబడి తలెత్తితే డిష్‌లోంచి ఆకాశం కనబడుతుంది! రేకు లేదు, సన్నటి స్టీలు తీగల వల అంతే. ఒక్కో తీగ మందం అర మిల్లీమీటరు పైచిలుకు. మధ్యలో కన్నాలు సెంటీమీటరు, అంచుల్లో రెండు సెంటీమీటర్లు. మీటరు పొడవున్న రేడియో తరంగానికి ఆ కన్నం లెక్కలోకి రాదు, గాలి మాత్రం దూరిపోతుంది. స్టీలు తాళ్లు బిగించి, వాటి మీద ఈ వల సాగదీసి గిన్నె ఆకారం తెప్పించిన ఉపాయం గోవింద్ స్వరూప్‌ది. ఆయన 2020లో పోయారు. తక్కువ డబ్బుతో పెద్ద టెలిస్కోప్ కట్టడమంటే ఇదీ అనిపించింది.

మేం చూడాలనుకున్నది ఇందులో పల్సార్ల పని. పల్సార్లంటే గిర్రున తిరుగుతూ లయ తప్పకుండా రేడియో పల్స్‌లు పంపే మృత నక్షత్రాలు. వాటి సాయంతో గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో లేచే అలలను, వెతుకుతున్నారు. స్టాల్ దగ్గర చార్టు పెట్టుకుని నిలబడ్డ పరిశోధక విద్యార్థిని మా తెలుగు విని నవ్వేసింది. గుంటూరు అమ్మాయి. స్కూలు పిల్లలకు మరాఠీలో, మాకు తెలుగులో మార్చి మార్చి చెప్పింది.

"అమెరికాలోని లైగో డిటెక్టర్ మొదట పట్టిన గురుత్వ తరంగం సెకనులో చిన్న ముక్క అంకుల్. మేం వెతికేవి ఒక్కొక్కటీ మన మీదుగా దాటిపోవడానికే ఏళ్లు పడుతుంది," అంది. (అంకుల్ అన్నందుకు మిత్రుడు నా వైపు చూశాడు. నేను చార్టు వైపు చూశాను.)

గెలాక్సీలు కలిసిపోయినప్పుడు వాటి నడిబొడ్డున ఉన్న మహా కృష్ణబిలాలు జంటలై ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. విశ్వమంతటా అలాంటి జంటలు లేపే అలలన్నీ కలగలిసి ఎప్పుడూ ఉండే నేపథ్యం అవుతుంది. దాన్ని పట్టడానికి లైగోలా నాలుగు కిలోమీటర్ల గొట్టాలు సరిపోవు. అందుకే పల్సార్లను గడియారాలుగా వాడతారు. అల దాటుతుంటే వాటి పల్స్‌ల రాక కాస్త అటో ఇటో అవుతుంది. జె1909-3744 అనే పల్సార్ సెకనుకు 339 సార్లు తిరుగుతుంది. దాని పల్స్ ఎప్పుడు రావాలో ముందే లెక్క కట్టొచ్చు. వచ్చినది ఆ లెక్కకు సెకనులో కోటో వంతు అటో ఇటో అయితే, ఎందుకయిందని ఏళ్ల తరబడి కూపీ లాగాలి.

ఖోడద్‌కు అసలు విలువ ఇక్కడే ఉందని నాకనిపించింది. నక్షత్రాల మధ్య చెదిరి ఉన్న ఎలక్ట్రాన్లు రేడియో తరంగాలను ఆలస్యం చేస్తాయి. ఒకే పల్స్‌లో ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందొస్తుంది, తక్కువది వెనకబడుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఖాళీ కారు, లోడు లారీ ఉన్నట్టన్నమాట. దారిలో ఎదురయ్యే ఆ ఎలక్ట్రాన్ల సంఖ్య కాలంతో పాటు మారుతుంటుంది. దాన్ని తీసేయకపోతే గురుత్వ తరంగమని భ్రమపడే ప్రమాదముంది. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఈ ఆలస్యం పెద్దగా కనబడుతుంది కాబట్టి కొలవడం సులువు. అందుకే ఇండియన్ పల్సార్ టైమింగ్ అరే వాళ్లు డిష్‌లను రెండు గుంపులు చేసి, ఒకే సమయంలో ఒకదాన్ని 300-500 మెగాహెర్ట్జ్‌లో, రెండోదాన్ని 1260-1460లో నడిపిస్తారు. ఈ బృందంలో జపాన్ వాళ్లూ ఉన్నారు, మన కందిలోని ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు.

2023 జూన్ 29న అమెరికా, యూరప్-ఇండియా, ఆస్ట్రేలియా, చైనా బృందాలు ఒకేసారి ఫలితాలు బయటపెట్టాయి. ఆ అలల నేపథ్యం దొరికేసిందని టీవీల్లో అన్నారు. దొరికింది ఆధారం మాత్రమే. ఇది కాకతాళీయం కాదని ఖాయంగా చెప్పడానికి శాస్త్రవేత్తలు అడిగే ఐదు సిగ్మాల గీతను ఎవరూ అందుకోలేదు.

మరి ఆ ఆధారం ఏమిటంటే, ఆమె కాగితం మీద గీసి చూపించింది. భూమ్మీద మన గడియారమే తప్పుగా నడిస్తే అన్ని పల్సార్లూ ఒకేలా తప్పుతాయి. సౌరకుటుంబ కేంద్రాన్ని తేల్చడానికి వాడే గురుగ్రహం స్థానం లెక్కలో తేడా ఉంటే ఒక దిక్కున ముందు, ఎదుటి దిక్కున వెనక. గురుత్వ తరంగాల తీరు ఈ రెండూ కాదు. ఆకాశంలో పక్కపక్కనున్న పల్సార్లు కలిసి తప్పుతాయి, లంబకోణానికి దగ్గరగా ఉన్నవి ఎదురెదురుగా, పూర్తిగా ఎదుటి దిక్కున ఉన్నవి మళ్లీ కొంత కలిసి. హెలింగ్స్, డౌన్స్ అనే శాస్త్రవేత్తలు 1983లోనే ఈ వంపు గీత గీసి పెట్టారు. నలభై ఏళ్లకు కొలతల చుక్కలు ఆ గీత దరిదాపుల్లో పడ్డాయి.

యూరప్ వాళ్ల 25 ఏళ్ల డేటా మొత్తం కంటే, కొత్త రిసీవర్లతో తీసిన చివరి పదేళ్ల డేటాలోనే ఆ ఆనవాలు గట్టిగా కనబడిందట. ఎంత కాలం చూశారన్నదొక్కటే చాలదు, ఎంత శుభ్రంగా చూశారన్నది కూడా ముఖ్యమే. పాత డేటాను పారేయలేరు, అలాగని పూర్తిగా నమ్మనూ లేరు. ఈ తలనొప్పి గురించి చెబుతున్నప్పుడే ఆ అమ్మాయి ముఖం బాగా వెలిగింది.

"ఐదు సిగ్మాలు ఎప్పటికి వస్తాయమ్మా?" అని మిత్రుడు అడిగాడు.

"అందరి డేటా కలిపి ఒకే లెక్క వేస్తున్నారండీ. కలపడమే పెద్ద పని," అంది. ఈలోపు పదో తరగతి పిల్లల గుంపొకటి వచ్చి పడింది. ఆమె మరాఠీలోకి మారిపోయింది.