బొగ్గులూ, పెరుగూ, అమ్మ వంకాయలూ

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. చేతులు మూడుసార్లు కడుక్కున్నా ఇంకా పొగ వాసన పోలేదు, జుట్టుకి కూడా పట్టేసింది, అయినా పడుకునే ముందు నాలుగు ముక్కలు రాసుకోకపోతే వచ్చే ఏడాదికి కొలతలన్నీ మర్చిపోతా. పోయినేడాది అలాగే మర్చిపోయి తిప్పలు పడ్డాం కదా.

మే ఆఖర్లో వచ్చే మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ అంటే ఇక్కడ డాలస్‌లో మా వీధి వీధంతా మధ్యాహ్నం నుంచే గ్రిల్లుల పొగలు. మా ఇంట్లో ఈసారి స్పెషల్ ఏంటంటే అమ్మ ఉంది. ఒంగోలు నుంచి వచ్చి నెలైంది. నిన్న సాయంత్రం నేను ఐదు పౌన్ల చికెన్ థైస్ ముందేసుకుని కూర్చుంటే పక్కన నిలబడి, "ఏరా, ఇంత కోడిని పొయ్యి మీద వండుకుంటే పోయేదానికి ఎండలో నిలబడి కాల్చుకోవడం ఏంట్రా" అంది. సమాధానం లేదు నా దగ్గర.

నేను ఇన్నేళ్ళలో నేర్చుకుంది ఒకటే, మసాలాలు ఎన్ని వేశామన్నది కాదు, ఉప్పు ఎప్పుడు పట్టించామన్నదే అసలు సంగతి. కారం, ధనియాల పొడి, మిరియాలు ఇవన్నీ చాలావరకు పైపైనే ఉండిపోతాయి, లోపలికి దిగేది ఉప్పే. అందుకే పౌనుకి ముప్పావు టీస్పూన్ లెక్కన ముందు ఉప్పు, పసుపు పట్టించి ఓ గంట వదిలేశా. తర్వాత రెండు గిన్నెలు చేశా. ఒకదాంట్లో గడ్డపెరుగు, అల్లంవెల్లుల్లి, అమ్మ తెచ్చిన గుంటూరు కారం, ధనియాల పొడి, కొంచెం కసూరి మేతి, రెండు స్పూన్ల పల్లీ నూనె. పెరుగు పల్చగా ఉంటే బట్టలో కట్టి వేలాడదీయాలి, లేకపోతే మసాలా అంతా జారిపోయి నిప్పుల్లో పడుద్ది. రెండోదాంట్లో కొత్తిమీర, పుదీనా, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కలిపి రుబ్బి అదే పెరుగులో కలిపా, ఇది పిల్లలకని మిరపకాయలు మూడే వేశా గానీ చివరికి పెద్దాళ్ళే లాగించేశారు. రాత్రంతా ఫ్రిజ్‌లో. ముక్కలు నానబెట్టడానికి షాపులో దొరికే మారినేడ్ సీసాలు ఒకప్పుడు కొనేవాణ్ణి, అన్నీ ఒకటే తీపి, పైగా ఆ చక్కెర మంట తగలగానే మాడి నల్లగా అయిపోద్ది, లోపల మాత్రం పచ్చి.

పోయినేడాది సంగతి కూడా రాసుకోవాలి. మటన్ మెత్తబడాలని పచ్చి బొప్పాయి రుబ్బి రాత్రంతా ఉంచేశా. తెల్లారి చూస్తే ముక్క ముక్కలా లేదు, పేస్టులా ఉంది, పుల్లకి గుచ్చితే జారి కింద పడుతోంది. మా తోడల్లుడు ఇప్పటికీ దాన్ని "మటన్ జావ" అనే అంటాడు. బొప్పాయి వేస్తే ఒకటి రెండు స్పూన్లు, గంటా రెండు గంటలు, అంతే. రొయ్యలకి నిమ్మరసం కూడా అంతే, ఇరవై నిమిషాలు దాటిందా, నిప్పు మీద పెట్టకముందే తెల్లబడి గట్టిపడిపోతాయి. ఇవాళ రొయ్యలకి మిరియాల పొడి, వెల్లుల్లి, సన్నగా తరిగిన కరివేపాకు, నూనె, ఉప్పు ముందే కలిపి పెట్టుకుని, నిమ్మకాయ మాత్రం దించాక పిండా. ఇదే బాగుంది, ఇకమీదట ఇంతే.

మధ్యాహ్నం బొగ్గులు అంటించడానికి లిక్విడ్ తీస్తే అమ్మ ముక్కు మూసుకుంది, కిరసనాయిలు కంపురా అని. నిజమే, ఆ వాసన కూర దాకా వస్తుంది. అందుకని ఆ రేకు గొట్టం లాంటిది ఉంటది కదా, చిమ్నీ, కింద కాగితం పెట్టి పైన బొగ్గులు పోసి ఇరవై నిమిషాలు వదిలేస్తే బూడిద పట్టి కణకణలాడతాయి. మొత్తం ఒక పక్కకే పోశా. ముక్కలు ముందు నిప్పు లేని వైపు పెట్టి మూతేసి, లోపల ఉడికాక అప్పుడు మంట మీదకి జరిపి రంగు తెప్పించడం. థర్మామీటర్ గుచ్చి 165 ఫారెన్‌హీట్ దాటిందో లేదో చూస్తుంటే అమ్మ నవ్వు, "కోడికి జ్వరమా?" అని. ఎముక దగ్గర ఎర్రగా ఉంటే నలుగురి ముందు పరువు పోయేది నాదే కదమ్మా అన్నా.

మధ్యలో ఒక తప్పు చేయబోయా. గిన్నెలో మిగిలిన పెరుగు మసాలా ఉడికిన ముక్కల మీద బ్రష్‌తో రాయబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది, "పచ్చి కోడి నానిన పెరుగండీ అది!" అని. దాన్ని పొయ్యి మీద బాగా తెర్లించి గ్రేవీలా చేసేసింది, అది కూడా అయిపోయింది.

మా తోడల్లుడు ప్లేటు పట్టుకుని అరకు బొంగులో చికెన్ గురించి మొదలెట్టాడు, చుక్క నూనె ఉండదు, వెదురు బొంగులో కూరి నిప్పుల మీద పెడతారు, ఆ రుచి ఈ గ్రిల్లులకి రాదు బావా అని. సరే, వెదురు ఎక్కడ తెద్దాం, పక్కింటాయన కంచె దగ్గర పెంచుకుంటున్నాడు, రాత్రికి నరుకుదామా అన్నా. జొన్నపొత్తులు కూడా కాల్చాం, నిమ్మచెక్క ఉప్పూకారంలో అద్ది రుద్దితే వైజాగ్ బీచ్‌లో నిలబడినట్టే ఉంది, సముద్రం ఒక్కటే తక్కువ. పన్నీర్ గురించి ఏం రాయను, పన్నీర్ పన్నీరే.

అందరూ తిని కుర్చీల్లో వాలిపోయాక అమ్మ మెల్లగా లేచి గ్రిల్ దగ్గరికెళ్ళింది. "నిప్పులు ఇంకా బాగున్నాయి, ఊరికే పోతాయి" అని లోపల్నుంచి రెండు పెద్ద వంకాయలు తెచ్చి, నూనె రాసి, గాట్లు పెట్టి నిప్పుల పక్కనే పెట్టింది. నాలుగు టమాటాలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు కూడా. తోలు మాడి ఒలిచొచ్చాక చేత్తోనే మెదిపి, ఉప్పు, చింతపండు, పచ్చి ఉల్లిపాయ కలిపి, ఇంగువ వేసి తాలింపు పెట్టింది. కడుపు నిండిపోయింది అన్నవాళ్ళంతా అన్నం వండమన్నారు. రాత్రి తొమ్మిదింటికి ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టాల్సొచ్చింది. రాత్రంతా నానబెట్టిన నా చికెన్ నాలుగు ముక్కలు మిగిలింది, పచ్చడి గిన్నె మాత్రం తుడిచేశారు.

ఇందాక కిందకెళ్తే సింకు పక్కన ఖాళీ పెరుగు డబ్బాలో ఏదో బూడిద రంగులో కనపడింది. బొగ్గుల బూడిదే. నిప్పులు చల్లారాక జల్లెడ పట్టి దాచిందంట, రేపు గ్రిల్ జాలీ తోమడానికి. మా ఆవిడ నా వంక చూసింది, నేను డబ్బాకి మూత పెట్టి లైట్ ఆపేసి వచ్చేశా.