‘అండ్ పార్టీ’లో మా చిన్నాన్న పేరు

నిన్న మధ్యాహ్నం మా చిన్నాన్న కళాకారుల పింఛను దరఖాస్తు మీద సీలు పడింది. రసీదు నా చొక్కా జేబులోనే ఉంది. రాత్రి రెండుసార్లు లేచి తడిమి చూసుకున్నాను. పదకొండు నెలలు తిరిగిన తిరుగుడు ఇది. కోపం చల్లారక ముందే రాసేస్తున్నాను. చల్లారితే నేను కూడా ‘పోనీలే’ అనేసే మనిషినే.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడ బస్సెక్కి కూర్చునేలోపే పాతపట్నం వస్తుంది, అది శ్రీకాకుళం జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మేం ఇటు పడ్డాం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ మీంచి దిగే సవర వాళ్ళతో రెండూ కలిపి మాట్లాడతాం. ఎవరికీ ఇబ్బంది లేదు, ఆఫీసులకి తప్ప.

మా చిన్నాన్నకి డెబ్బై ఒకటి. ప్రహ్లాద నాటకంలో ముఖవీణ వాయించేవాడు. పేరులో వీణ ఉన్నా అది సన్నాయిలా ఊదే వాయిద్యం. గంజాం, గజపతి జిల్లాల వాళ్ళకి ఈ నాటకం గురించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెప్తున్నాను: మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, రాత్రంతా పాట, తెల్లవారుజామున నరసింహుడి ముఖం తొడుక్కున్న మనిషి బయటికొస్తే నలుగురు పట్టుకుంటే గానీ ఆగడు. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద చెలామణిలో ఉన్న నాటకం. ఆ జలంతరకోట ఇవాళ ఆంధ్రలో ఉంది, నాటకమేమో ఒడిశాలో బతుకుతోంది. పాట ఒడియా, అందులో మన రాగాలు, మధ్యమధ్య తెలుగు. ముఖవీణ మాత్రం మా ఇంటిది. పెళ్ళిళ్ళకి సన్నాయి, నాటకానికి ముఖవీణ. నరసింహుడు స్తంభం చీల్చుకుని వచ్చేటప్పుడు మా చిన్నాన్న ఊపిరి తిప్పుకోకుండా పట్టిన స్వరం ఈ చుట్టుపక్కల ఇంకొకడు పట్టలేదు. ఇది బంధువుని కాబట్టి చెప్పడం లేదు, ఏ ముసలాయన్నైనా అడగండి.

1992లో గజపతి జిల్లా ఏర్పడిన రెండు మూడేళ్ళకి దూరదర్శన్ బృందం వచ్చి మూడు రాత్రులు ఆ నాటకాన్ని రికార్డు చేసుకెళ్ళింది. అప్పట్లో ఊరంతా యాంటెన్నాలే. ప్రసారం అయిన రోజు మా వీధిలో ఒక్క టీవీ ముందు డెబ్బై మంది కూర్చున్నారు. మరుసటేడు ఆ కార్యక్రమానికి దూరదర్శన్ వార్షిక అవార్డుల్లో బహుమతి వచ్చిందని మా మేళం గురువుగారికి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో స్వీట్లు పంచారు. ఆ ఉత్తరం గురువుగారి పెట్టెలో ఉండేది. ఆయన పోయాక పెట్టె వరదలో పోయింది.

ఇప్పుడు అసలు కథ. ఒడిశా ప్రభుత్వం వయసు మళ్ళిన కళాకారులకి నెలనెలా సాయం ఇస్తుంది, ముఖ్యమంత్రి కళాకార్ సహాయతా యోజన అని. ఆధార్, బ్యాంకు పుస్తకం, నివాస పత్రం ఒక్కరోజులో తెచ్చేశాను. ఇంకొకటి అడిగారు, కళాకారుడన్న రుజువు. అవార్డు వచ్చిన కార్యక్రమంలో వాయించిన మనిషికి రుజువు ఏం కష్టం అనుకున్నాను. అక్కడే మొదలైంది.

ఏ ఆఫీసో, ఏ ఊరో రాయను. మూడోసారి వెళ్ళినప్పుడు చిన్నాన్నని కూడా తీసుకురమ్మన్నారు. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, ముఖవీణ తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. నేను వద్దన్నాను. “కళాకారుణ్ణి రమ్మన్నారు కదరా, చేతిలో ఏదీ లేకుండా ఎలా వెళ్తాను” అన్నాడు.

అధికారి మా దగ్గరున్న ఒకే ఒక్క ఫొటో చూశాడు. రికార్డింగ్ అయ్యాక తీసింది. పన్నెండు మంది వేషాల్లో ఉన్నారు, మా చిన్నాన్న చివర్న సగం ముఖంతో నిలబడ్డాడు.

“అవార్డు ఎవరికి వచ్చింది?”

“కార్యక్రమానికి” అన్నాను.

“కార్యక్రమం అంటే తీసినాయన. ఆయన పేరు మీద వచ్చి ఉంటుంది. ఇందులో మీ చిన్నాన్నకి ఏం వచ్చింది?”

దూరదర్శన్‌తో రాసుకున్న కాంట్రాక్టు కాగితం నకలు గురువుగారి కొడుకు దగ్గర దొరికితే అది చూపించాను. అందులో గురువుగారి పేరు ఉంది, పక్కన ‘అండ్ పార్టీ’ అని ఉంది. రేడియోలో గానీ టీవీలో గానీ బృందాన్ని పిలిస్తే నాయకుడి పేరు మీదే రాస్తారు, మిగతా పదకొండు మంది ఆ రెండు మాటల్లోనే ఉంటారు. ఆ అధికారి వేలు పెట్టి చూపించాడు. “ఇందులో మీ చిన్నాన్న ఎక్కడ? పార్టీ అంటే ఎవరైనా కావచ్చు. టీ మోసినవాడు కూడా పార్టీయే.”

చిన్నాన్న ఒడియాలోనే, నెమ్మదిగా, “ఆజ్ఞా (అయ్యా), నేను ముఖవీణ వాయించాను” అన్నాడు.

“అయితే ఇక్కడ వాయించు మౌసా (బాబాయ్). వింటాం.”

పక్క టేబుళ్ళ వాళ్ళు పని ఆపి తిరిగి చూశారు. నేను లేవబోతే చిన్నాన్న నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. తువ్వాలు విప్పాడు. వాయిద్యం మొనకి ఉండే పీకని నాలుకతో తడిపాడు. ఆయనకి ముందు పళ్ళు నాలుగూ పోయి ఆరేళ్ళయింది. ముఖవీణ పట్టాలంటే పెదవి బిగియాలి, పెదవి బిగియాలంటే వెనక పన్ను ఉండాలి. ఊదాడు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. మళ్ళీ ఊదాడు. బుగ్గలు పొంగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పీక పక్కనుంచి బుస్సుమంది. ఎవరో నవ్వారు. ఇంకెవరో “చాలు చాలు” అన్నారు. మూడోసారి ఊదబోతే అధికారే చెయ్యి అడ్డంపెట్టాడు. జాలితో కాదు, ఫోను మోగింది.

ఫోను పెట్టేశాక నాతో, “మీరు తెలుగువాళ్ళు కదా, ఆంధ్రలో ఎందుకు అడగరు?” అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేక కాదు. పాతపట్నంలో అడిగితే ‘ఒడిశా కార్డు కదా’ అంటారు. మా తాతలు ఎక్కడికీ వలస రాలేదు, గీతే మా మధ్య నుంచి వెళ్ళింది. ఇదే ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠం చెప్పుకుంటూ, తనది కాని సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఈ గాలి పీల్చినవాడు ఇంకొకరి మాటని, పాటని పరాయిది అనడు. ఇదంతా చెప్దామనుకున్నాను. చిన్నాన్న ముఖం చూసి నోరు రాలేదు. ఆయన ముఖవీణని మళ్ళీ తువ్వాలులో చుడుతున్నాడు, పసిపిల్లని చుట్టినట్టు, చివర్లు లోపలికి మడిచి.

ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, “పింఛను వద్దురా. ఇంకెప్పుడూ నన్నక్కడికి తీసుకెళ్ళకు” అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మా పిన్ని నన్ను చూసిన చూపు కూడా మర్చిపోలేను.

ముసలివాళ్ళని ఆఫీసులకి తీసుకెళ్ళకండి. రమ్మన్నా తీసుకెళ్ళకండి. ఎందుకు రావాలో కాగితం మీద రాసివ్వమనండి. సగంమంది రాయరు, అక్కడితో ఆ మాట పోతుంది. నేను అది అడగలేదు. ఇరవై మూడేళ్ళుగా బడిపంతులుని, మూడు భాషల్లో అర్జీ రాయగలను, మా వీధిలో సగం ఇళ్ళ కాగితాలు నేను రాసినవే. ఆ రోజు మాత్రం మామూలు మనిషిలా తల వంచుకుని బయటికి వచ్చాను.

అధికారి మాటల్లో ఒకటి మాత్రం నాలో నాటుకుంది. ‘ఇందులో మీ చిన్నాన్న ఎక్కడ?’ సరే, ఎక్కడున్నాడో చూపిస్తాను అనుకున్నాను.

సమాచార హక్కు కింద దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతికి అర్జీ పెట్టాను. కేంద్ర సంస్థ కాబట్టి ఫారం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చెయ్యాలి. ఒడిశా ప్రభుత్వ ఆఫీసులకైతే ఫారం-ఎ, గుర్తింపు కార్డు అని ఇంకో గొడవ, రెండూ కలపకండి. నా అర్జీ వేరే ఆఫీసుకి వెళ్ళింది. ఫరవాలేదు, సెక్షన్ 6(3) ప్రకారం వాళ్ళే అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలి, పంపారు. మూడు అడిగాను: ఆ కార్యక్రమానికి అవార్డు వచ్చినట్టు కాగితం, బృంద సభ్యుల జాబితా, కార్యక్రమం నకలు. నకలు ఇవ్వరని బజార్లో జెరాక్సు షాపు పెద్దమనిషి ఒకడు బల్లగుద్ది చెప్పాడు, అయిదు వేలిస్తే తను చూసుకుంటానన్నాడు. 2005 చట్టం సెక్షన్ 2(జె)లో టేపులు, వీడియో క్యాసెట్లు అని అచ్చంగా రాసి ఉంది. అలాంటి షాపుల గడప తొక్కకండి.

ఇరవై ఆరో రోజున జవాబు వచ్చింది. జాబితా ఉన్న ఫైలు లేదు, కాలం తీరిపోయిన ఫైళ్ళతో పాటు తీసేశారు. చదివి కుర్చీలో కూలబడ్డాను. కింద ఇంకో వాక్యం ఉంది: టేపు భద్రపరచబడి ఉన్నది.

ఇది ఎంత పెద్ద మాటో టీవీలో పనిచేసిన పాత మనిషి ఒకాయన తరవాత ఫోనులో చెప్పాడు. ఆ రోజుల్లో టేపు ఖరీదైన సరుకు. ప్రసారం అయిపోయిన దాని మీదే ఇంకొకటి రికార్డు చేసేవాళ్ళు. దేశంలో ఎన్నో మంచి కార్యక్రమాలు అలా చెరిగిపోయాయి. బహుమతి వచ్చిన వాటిని మాత్రం బీరువాలో పెట్టి చెరపకుండా ఉంచేవాళ్ళట. అవార్డు వల్ల మా చిన్నాన్నకి రూపాయి రాలేదు, శాలువా రాలేదు, పేరున్న కాగితం రాలేదు. కానీ ఆ అవార్డే లేకపోతే ఆయన ఊపిరి మీద ఏవో వార్తలు ఎక్కేసి ఉండేవి. ఇన్నాళ్ళూ ఆ బహుమతి మాది కాదనుకున్నాను. కాదు, మా స్వరాన్ని కాపాడింది అదే.

నకలు వచ్చింది. రుసుము కట్టాను, ఎక్కువేం కాదు. బడి కంప్యూటర్లో తలుపులేసుకుని చూశాను. చివర్లో ఒడియా అక్షరాల్లో పేర్లు పైకి వెళ్తున్నాయి. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి చూశాను. ‘ముఖవీణ’, ఎదురుగా మా చిన్నాన్న పేరు. మన పద్ధతిలో ముందుండాల్సిన ఇంటిపేరు చివరికి వెళ్ళింది, పేరు చివరి ‘య్య’ ఎగిరిపోయింది, అయినా ఆయనే.

ఆ ‘య్య’ కోసం ఇంకో నెలన్నర పట్టింది. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాను, వార్డు కౌన్సిలర్ సంతకం పెట్టించాను. సరిహద్దులో ఉన్న తెలుగువాళ్ళకి ఇది ముఖ్యం. ఆధార్లో, బ్యాంకులో, బడి రికార్డులో ఇంటిపేరు ఒకేచోట ఉండేలా ఇవాళే చూసుకోండి.

నిన్న నేను ఒక్కణ్ణే వెళ్ళాను. అదే అధికారి. ఫోనులో ఆ దృశ్యం పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, టేబుల్ మీద ఉంచాను. స్తంభం పగిలే చోట ముఖవీణ లేచింది. అదే గది, అవే టేబుళ్ళు. అందరూ తిరిగి చూశారు. స్వరం అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. తరవాత పేర్లు వచ్చేచోట ఆపి, వేలు పెట్టి చూపించాను. “ఇదిగో, ఇక్కడ.” ఆయన ఏమీ అనలేదు. సీలు వేశాడు.

రాత్రి చిన్నాన్నకి చూపించాను. తన స్వరం విని కళ్ళు మూసుకున్నాడు. పేర్లు వచ్చేటప్పుడు ఆపమని, ఒక్కొక్కటీ నాచేత చదివించుకున్నాడు. పన్నెండులో ఎనిమిది మంది లేరు. మిగిలిన నలుగురిలో మద్దెల ఆయనకీ, తాళాలు పట్టిన ఆయనకీ ఏ సాయమూ అందడం లేదు. సోమవారం వాళ్ళ ఆధార్ కార్డులు తెమ్మని కబురు పంపాను.