పూసల రాతి తొండ: ఒక కీచైన్ పని సాగిన తీరు

మొదటి విడత: పూసలు, దారం

దేవరకొండ, భువనగిరి గుట్టల మీద తిరిగినవారికి రాతి తొండ కొత్త కాదు. ఆడది బండ రంగులో కలిసిపోయి, కదిలితే తప్ప కంటబడదు. మగది మాత్రం జతకట్టే కాలంలో వీపంతా ఎర్రగా, పక్కలూ కాళ్లూ నల్లగా మారి, ఎత్తైన బండ అంచున నిలబడి తల ఆడిస్తూ ఉంటుంది. పూసలతో జంతువుల కీచైన్లు చేసేవారు బల్లిని, మొసలిని ఎక్కువగా ఎంచుకుంటారు. ఆ అల్లికనే తీసుకుని, మన గుట్టల మీది ఈ ఎర్రవీపు తొండను చేయాలన్నది నా ఉద్దేశం. పైన ఎరుపు, కింద నలుపు ఉంటేనే అది రాతి తొండ అనిపించుకుంటుంది కాబట్టి, ఒకే పొరగా చదునుగా వచ్చే అల్లికను వదిలి, వీపుకు ఒక వరుస, పొట్టకు ఒక వరుస చొప్పున సాగే జోడు వరుసల అల్లికను తీసుకున్నాను. ఇందులో బొమ్మకు లోపల ఖాళీ ఏర్పడి, నిజమైన ఒళ్లు వస్తుంది.

పూసల కోసం హైదరాబాదు బేగంబజారు దాకా పోవలసిన అవసరం లేదు. మగ్గం వర్కు సామాన్లు అమ్మే దుకాణాలు నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నాయి, అక్కడ గాజు పూసలు గ్రాముల లెక్కన దొరుకుతాయి. పూస నంబరు పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి: 6 నంబరు పూస సుమారు 4 మిల్లీమీటర్లు, 8 నంబరుది 3, 11 నంబరుది 2 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒంటికి 8 నంబరు, తోక చివరకూ కాలివేళ్లకూ 11 నంబరు తీసుకున్నాను. 8 నంబరులో ఎరుపు 62, నలుపు 84. 11 నంబరులో నలుపు 22. మొత్తం 168 పూసలు పడతాయి. ఒక్కో రంగు 10 గ్రాములు కొంటే, ఏరివేతకు పోయినవి పోగా, ఇంకో బొమ్మకు కూడా సరిపోతాయి.

ఏరివేత అన్నది ఈ పనిలో సగం. గాజు గొట్టాన్ని సన్నగా లాగి, ముక్కలుగా కోసి, అంచులు నునుపు తేలడానికి మళ్లీ వేడిచేస్తే చిన్న పూస తయారవుతుంది; పాత చిత్తూరు జిల్లాలోని పాపానాయుడుపేటలో చేతితో పూసలు చేసినవారిది కూడా ఈ దారే. గొట్టం లాగేటప్పుడు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది గనుక, ఒకే పొట్లంలోని పూసలలోనూ పొడవు, రంధ్రం తేడాగా ఉంటాయి. హారానికైతే ఆ తేడా అందమే తెస్తుంది, జోడు వరుసలకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే పొడవాటి పూస ఒక్కటి పడినా ఆ వరుస పక్కకు పొడుచుకొస్తుంది. స్టీలు తాంబాళంలో జంపఖానా ముక్క పరిచి, దాని మీద పూసలు పోసి, పళ్లెపు అంచులాగా పలచగా ఉన్నవాటినీ మరీ పొడవైనవాటినీ ముందే పక్కకు తీశాను. తీసేసిన పలచటి పూసలను పారేయకూడదు, వరుస చివర సందు మిగిలిన చోట అవే అక్కరకు వస్తాయి.

రంగు విషయంలో ఒక పరీక్ష తప్పనిసరి. కొన్ని పూసలకు గాజులోనే రంగు ఉంటుంది, కొన్నింటికి పైపూత మాత్రమే ఉంటుంది. గోళ్ల రంగు తుడిచే ద్రావకంలో దూది ముంచి నాలుగు పూసలను గట్టిగా రుద్దితే పూత రంగు దూదికి అంటుకుంటుంది. కీచైన్ చేతి చెమటలోనూ జేబులోనూ నలిగే వస్తువు కాబట్టి, ఎంత మెరిసినా పూత పూసలను తీసుకోలేదు.

దారానికి వచ్చేసరికి సన్నని రాగి తీగనూ నైలాన్ దారాన్నీ పోల్చి చూశాను. తీగ వంచిన చోటే నిలుస్తుంది, సూది అక్కరలేదు, కాళ్లను కావలసిన భంగిమలో పెట్టవచ్చు. బల్ల మీద పెట్టుకునే బొమ్మకు నేను తీగనే సిఫారసు చేస్తాను. తాళంచెవులతో పాటు రోజంతా ఊగే వస్తువులో అదే తీగ ఒకేచోట పదేపదే వంగి, చివరకు అక్కడే విరిగిపోతుంది. అందుకే గాలానికి వాడే ఒంటిపోగు నైలాన్‌ను, 0.25 మిల్లీమీటర్ల మందంలో, 2 మీటర్లు తీసుకున్నాను. మందం ఎంపికకు కారణం తోక చివరి పూసలు. వాటిలోంచి దారం పోయేటప్పుడు రెండు పోగులు, తిరిగి వచ్చేటప్పుడు రెండు పోగులు, మొత్తం నాలుగు పట్టాలి. 0.25 దారం నాలుగు పోగులకు కనీసం 0.6 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, 0.3 దారమైతే 0.7 దాటుతుంది, చాలా 11 నంబరు పూసలు దాన్ని పట్టలేవు. తోకకు ఎంచిన పది పూసలలో ప్రతిదానిలోనూ నాలుగు పోగులు దూర్చి చూసి, పట్టినవే చిన్న మూతలో విడిగా పెట్టుకున్నాను.

రెండో విడత: తల నుంచి వెనక కాళ్ల దాకా

తొండను ముక్కు దగ్గర వేలాడదీయాలా, తోక దగ్గరా అన్నది మొదటే తేల్చుకోవాలి, ఎందుకంటే అల్లిక ఎక్కడ మొదలవుతుందో రింగు అక్కడే పడుతుంది. ముక్కు దగ్గర వేలాడితే బొమ్మ బండ మీదికి ఎగబాకుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి నేను అదే ఎంచుకున్నాను. దారం సరిగ్గా మధ్యభాగాన్ని 5 మిల్లీమీటర్ల చిన్న రింగులోంచి రెండు చుట్లు తిప్పాను. ఈ చిన్న రింగు కూడా పెద్ద తాళాల రింగులాగా రెండు చుట్ల తీగతో చేసినదై ఉండాలి. ఒకే చుట్టుగా ఉండి మధ్యలో కోత ఉన్న రింగైతే ఆ సందులోంచి దారం జారిపోతుంది, లేదా కోత అంచు దారాన్ని కోస్తుంది.

అల్లే తీరు చెప్పడానికి తేలికే. ఒక కొసకు వరుసకు సరిపడా పూసలు గుచ్చి, రెండో కొసను అవే పూసలలోంచి ఎదురు దిశలో దూర్చి, రెండు కొసలనూ సమంగా లాగాలి. మొదట వీపు వరుస ఎరుపులో, వెంటనే అంతే లెక్కతో పొట్ట వరుస నలుపులో అల్లి, నల్ల వరుసను వేలితో కిందికి మడవాలి. తలకు 2, 3, 4, 4, 3 పూసల వరుసలు. ఒంటికి 4, ఆపైన ఐదేసి పూసల వరుసలు ఐదు, తర్వాత 4, 3. నాలుగు పూసల మొదటి వరుసలో వీపు వైపు రెండు చివర్లలో నల్లపూస పెడితే అవే కళ్లు. ఎర్రటి తల మీద వేరే ఏ రంగు పూసా ఇంత స్పష్టంగా కన్నులా కనిపించదని నా అభిప్రాయం.

బిగువు గురించి మాత్రం వివరంగా చెప్పాలి. నైలాన్ లాగినప్పుడు కొద్దిగా సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. వరుస పూర్తయిన వెంటనే వదిలేస్తే ఆ సాగిన కొద్దిపాటి దారం సందుగా మిగులుతుంది. ప్రతి వరుస తర్వాత రెండు కొసలనూ అడ్డంగా, ఒంటికి నిటారుగా లాగి పట్టి, ఎడమచేతి బొటనవేలితో వరుసను తల వైపుకు నొక్కి, ఆ నొక్కు వదలకుండానే తర్వాతి వరుస పూసలు గుచ్చడం మంచిది. కొసలను తోక వైపుకు ఏటవాలుగా లాగితే వరుసల మధ్య సందు పడుతుంది. మా చిన్నమ్మ నల్లపూసలు గుచ్చేటప్పుడు దారం కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని బిగువు నిలిపేది. ఇక్కడ రెండు కొసలు పని చేస్తాయి గనుక రింగును మేకుకు తగిలించి, కిందికి అల్లుకుంటూ వచ్చాను.

ముందు కాళ్లు ఒంటి మొదటి జోడు వరుస పూర్తయ్యాక వస్తాయి. అప్పటికి దారం కొసలు చెరొక పక్క బయటికి వచ్చి ఉంటాయి. ఒక్కో కొసకు 8 నంబరు నల్లపూసలు నాలుగు, వేళ్లకు 11 నంబరువి మూడు గుచ్చి, వేళ్లను వదిలి కాలి నాలుగు పూసలలోంచే వెనక్కి రావాలి; మూడు చిన్న పూసలూ గుత్తిగా ముడుచుకుని పాదమవుతాయి. వెనక కాళ్లు ఐదేసి పూసల చివరి వరుస తర్వాత వస్తాయి. తొండకు వెనక కాళ్లే పొడవు కాబట్టి అక్కడ నాలుగుకు బదులు ఐదు పూసలు పెట్టాను. ఈ ఒక్క పూస తేడాతోనే బొమ్మ బల్లి పోలిక వదిలి తొండ పోలికకు వచ్చింది.

మూడో విడత: తోక, ముడి

తోకలో రెండేసి పూసల జోడు వరుసలు ఆరు, ఆపైన 11 నంబరు నల్లపూసలు ఒక్కొక్కటిగా పది. తోక ఒంటికన్నా పొడవుగా వచ్చింది, రాతి తొండకు అదే సరైన కొలత. ముక్కు నుంచి తోక కొస దాకా బొమ్మ 8 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ.

ముడిని తోక కొసన వేయకూడదు. జేబు గుడ్డకు తగులుకునేది, ముందుగా అరిగేది ఆ కొసే. రెండు కొసలనూ పది పూసలలోంచి ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి, తోక మొదట్లో వీపు వరుసకూ పొట్ట వరుసకూ మధ్య ఉన్న ఖాళీలోకి దించి, అక్కడ ముడి వేశాను. ఒంటిపోగు నైలాన్ నున్నగా ఉండి మామూలు ముడిలో జారుతుంది కాబట్టి, మొదటి మెలికలో కొసను రెండుసార్లు తిప్పాలి, దాని మీద మామూలు ముడి మరొకటి వేయాలి. క్షణంలో అంటుకునే జిగురు పెట్టలేదు. అది గట్టిపడ్డాక పెళుసై, దారం వంగేచోట దాన్నే విరిచే ప్రమాదం ఉంది. కొసలను అగ్గిపుల్లతో కాల్చడం కూడా ఈ బొమ్మకు తగదు, పక్క వరుస దారానికి సెగ తగిలితే చాలు, అల్లిక అక్కడే తెగుతుంది. ముడి తర్వాత కొసలను ఇంకో మూడు వరుసలు లోపలే నడిపించి, గోళ్లు కత్తిరించే కత్తెరతో పూసకు ఆనించి కత్తిరించాను.

ముక్కు దగ్గరి దారం మీదే మొత్తం లాగుడు పడుతుంది. అందుకని విడిగా ఒక జానెడు దారం తీసుకుని, తలలోని నాలుగు పూసల వరుసలోంచి రింగులోకి, రింగులోంచి తిరిగి అదే వరుసలోకి తిప్పి, తల లోపలే ముడి వేశాను. ఒక దారం అరిగినా రెండోది బొమ్మను పట్టి ఉంచుతుంది. ఆ చిన్న రింగుకు నాలుగు కడియాల గొలుసు ముక్క, దానికి 25 మిల్లీమీటర్ల తాళాల రింగు తగిలించాను. గొలుసు ముక్క ఉండటం వల్ల బొమ్మ మెలి తిరిగినా ఆ మెలిక దారం దాకా రాదు.

ప్రస్తుతం ఇది ఇంటి తాళంచెవికి ఉంది. వారానికోసారి చిన్న రింగు దగ్గరి దారాన్ని గోటితో తడిమి, ఎక్కడైనా అరిగిందేమో చూస్తున్నాను. మిగిలిన పూసలకు మట్టిరంగు, బూడిదరంగు కలిపి ఆడ తొండను మొదలుపెట్టబోతున్నాను. దానికి వీపు వరుసలలో ఒక పూస మట్టిరంగు, ఒక పూస బూడిదరంగు మార్చి మార్చి వేయాలని, పొట్టకు పాలరంగు పెట్టాలని అనుకుంటున్నాను. తోకకు సరిపడే పాలరంగు 11 నంబరు పూసలలో నాలుగు పోగులు పట్టేవి ఏరుకోవడం ఒక్కటే మిగిలింది.